కారు తెర మీదికి యాప్: గూగుల్ ప్లే దారి ఎలా ఉంది?

ఫోన్‌లో నడిచే యాప్‌ని కారు డాష్‌బోర్డు మీదికి తేవాలంటే మన డెవలపర్లకు ఉన్న దారుల్లో ఆండ్రాయిడ్ ఆటోయే అన్నింటికన్నా దగ్గరిది. ప్లే స్టోర్‌లో యాప్‌లు పెట్టడానికి వాడే ప్లే కన్సోల్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. కారు యాప్ రాయడానికి గూగుల్ ఇచ్చే కోడ్ లైబ్రరీ ఉచితం, పరీక్షించుకోవడానికి కారు కూడా అక్కర్లేదు. కోడ్ రాసే పనికి 5కి 4.5 ఇవ్వొచ్చు. పబ్లిష్ చేసే పనికి మాత్రం 3కి మించి ఇవ్వలేం. కారు కోసం మ్యానిఫెస్ట్‌లో (యాప్ వివరాలు చెప్పే ఫైలులో) చేర్చే రెండు లైన్లు ఫోన్ యాప్ విడుదలను కూడా గూగుల్ చేసే కారు రివ్యూకి ముడివేస్తాయి. అది తెలియకుండా దిగితే, కారు తెర మీద ఒక జాబితా సరిగా రాలేదన్న కారణానికి ఫోన్ వాడేవాళ్లకు వెళ్లాల్సిన బగ్ ఫిక్స్ కూడా ఆగిపోతుంది.

ముందు ఏ తెర కోసం రాస్తున్నామో తేల్చుకోవాలి. మూడు రకాలున్నాయి, మూడింటినీ జనం ‘కారులో ఆండ్రాయిడ్’ అనే అంటారు. ఒకటి ఆండ్రాయిడ్ ఆటో. 2015లో వచ్చింది. యాప్ ఫోన్‌లోనే నడుస్తుంది, బొమ్మ మాత్రం కేబుల్ మీదో వైఫై మీదో కారు తెరకు వెళ్తుంది. పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్ లాంటి కార్లలో ఉండేది ఇదే. రెండోది ఆండ్రాయిడ్ ఆటోమోటివ్ ఓఎస్. ఇందులో ఫోన్‌తో పనిలేదు, కారే ఆండ్రాయిడ్ కంప్యూటర్. 2020లో పోల్‌స్టార్ 2తో గూగుల్ మ్యాప్స్, ప్లే స్టోర్ సహా రోడ్డెక్కింది. మూడోది కారు యాక్సెసరీస్ షాపుల్లో బిగించే 9, 10 అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో. అది నిజానికి టాబ్లెట్. అందులో మీ ఫోన్ యాప్ మామూలుగానే ఇన్‌స్టాల్ అవుతుంది, కారు రివ్యూ ఏదీ దానికి వర్తించదు. ‘మా కారులో మీ యాప్ కనబడట్లేదు’ అని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఈ మూడింటిలో ఏదని అడగడమే మొదటి పని.

ఐఫోన్ వైపు కార్‌ప్లే ఉంది. అక్కడ ఏడాదికి 99 డాలర్లు కట్టాలి, పైగా కోడ్ విడుదల చేయడానికి ముందే ఆపిల్‌కి దరఖాస్తు పెట్టి, మీ యాప్ రకానికి సరిపడే ఎంటైటిల్‌మెంట్ తెచ్చుకోవాలి. ఆడియో, నేవిగేషన్, ఈవీ చార్జింగ్, పార్కింగ్, పెట్రోలు, ఫుడ్ ఆర్డర్ ఇలా వేటికి అవే. గూగుల్ దగ్గర ఈ ముందస్తు అనుమతి లేదు. ఈరోజు మొదలుపెడితే సాయంత్రానికి కంప్యూటర్‌లోని నకిలీ కారు తెర మీద యాప్ ఆడుతుంది. ఈ విషయంలో గూగుల్ పద్ధతే మేలు.

అలాగని ఏ యాప్ పడితే ఆ యాప్‌ని ఎక్కించలేరు. ఆడియో, మెసేజింగ్, నేవిగేషన్, చార్జింగ్–పార్కింగ్ లాంటి స్థలాల యాప్‌లు, ఇంటి గేటు–లైట్ల లాంటి స్మార్ట్ పరికరాలు, వాతావరణం: ఆండ్రాయిడ్ ఆటోలో మామూలు డెవలపర్‌కి ముఖ్యంగా దొరికే వర్గాలివి. 2021లో నేవిగేషన్, పార్కింగ్, చార్జింగ్ యాప్‌లకు తలుపు తెరిచారు, అంతకుముందు అందరికీ ఉన్నవి ఆడియో, మెసేజింగ్ మాత్రమే. షాపింగ్ యాప్‌నో న్యూస్ చదివే యాప్‌నో స్థలాల వర్గంలోకి దూర్చాలని చూస్తే రివ్యూలో నిలబడదు. డ్రైవింగ్‌కి సంబంధించిన పని ఏమిటో చూపించాలి.

వీటిలో స్థలాల వర్గాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. హైదరాబాద్–విజయవాడ హైవే మీద చార్జింగ్ పాయింట్లు చూపే యాప్ అనుకోండి. ఇక్కడ కొట్లాట అంతా డిజైన్‌తోనే. కారు తెర మీద మీరు మీ ఇష్టం వచ్చినట్టు బొమ్మ గీయలేరు. కార్ యాప్ లైబ్రరీ కొన్ని టెంప్లేట్లు, అంటే సిద్ధంగా ఉన్న తెర నమూనాలు, ఇస్తుంది. జాబితా, గ్రిడ్, మ్యాప్‌తో స్థలాల జాబితా, వివరాల ప్యానెల్, సందేశం, వెతుకులాట. మీరు సమాచారం నింపి పంపుతారు, రంగులూ అక్షరాల సైజూ అమరికా కారు వైపు హోస్ట్, అంటే టెంప్లేట్‌ని తెర మీద గీసే ప్రోగ్రామ్, చూసుకుంటుంది. కోడ్‌లో మీరు రాసేది ఒక కార్ యాప్ సర్వీస్, అందులో ఒక సెషన్, దాని కింద స్క్రీన్లు. ప్రతి స్క్రీనూ అడిగినప్పుడు ఒక టెంప్లేట్ తిరిగి ఇస్తుంది. సమాచారం మారితే ఇన్‌వ్యాలిడేట్ అని పిలుస్తారు, హోస్ట్ మళ్లీ అడుగుతుంది. అంతే. ఫోన్ యాప్ రాసినవాళ్లకు ఒక్కరోజులో చేతికి వచ్చే పని.

చిక్కులు లెక్కల్లో ఉన్నాయి. ఒక పని మొత్తానికి ఐదు టెంప్లేట్లే చూపించాలి. ఐదోది ప్యానెల్, సందేశం, నేవిగేషన్ లాంటి ముగింపు టెంప్లేట్ అయి ఉండాలి, జాబితా పనికిరాదు. పరిమితి దాటితే హోస్ట్ ఎర్రర్ చూపించి యాప్‌ని మూసేస్తుంది. వెనక్కి వెళ్తే లెక్క తగ్గుతుంది. అదే టెంప్లేట్‌ని తాజా సమాచారంతో మళ్లీ పంపితే అడుగుగా లెక్కించదు, కానీ దానికి షరతు ఉంది. పై శీర్షిక మారకూడదు, వరుసల సంఖ్య మారకూడదు, ప్రతి వరుస టైటిలూ మారకూడదు. చార్జింగ్ యాప్‌లు తప్పటడుగు వేసేది ఇక్కడే. ‘సూర్యాపేట – 2 ఖాళీ’ అని టైటిల్‌లో రాసి, అరనిమిషానికోసారి ‘1 ఖాళీ’, ‘0 ఖాళీ’ అని మారుస్తుంటారు. హోస్ట్ దృష్టిలో అది ప్రతిసారీ కొత్త టెంప్లేటే. డ్రైవరు ఏమీ నొక్కకుండానే నాలుగైదు మార్పులకు యాప్ మూతపడుతుంది. ఎందుకు పడిందో లాగ్ చూస్తే తప్ప అర్థం కాదు. టైటిల్‌లో ఊరి పేరు ఒక్కటే ఉంచి, ఖాళీల సంఖ్యను రెండో లైనులోకి దింపితే సమస్య పోతుంది. దూరం మాత్రం టైటిల్‌లో ఉన్నా ఫర్వాలేదు, లైబ్రరీలో దూరం కోసమే ఉన్న డిస్టెన్స్ స్పాన్‌గా పెడితే అది లెక్కలోకి రాదు. పైగా మ్యాప్ జాబితాలో నొక్కితే లోపలికి తీసుకెళ్లే వరుసలు తప్ప మిగతా ప్రతి వరుసకూ దూరం ఉండి తీరాలి.

జాబితాలో ఎన్ని వరుసలు పడతాయన్నది కారుని బట్టి మారుతుంది. ఆరు అనుకుని రాస్తే ఎక్కడైనా నడుస్తుంది. ఎక్కువ చూపించే కార్లలో ఆ వెసులుబాటు వాడుకోవాలంటే ఆ కారు హద్దులు చెప్పే కన్‌స్ట్రెయింట్ మేనేజర్‌ని అడగాలి, అది కార్ ఏపీఐ లెవెల్ (యాప్‌కీ హోస్ట్‌కీ మధ్య వాడే ఏపీఐ వెర్షన్) 2 నుంచి ఉంది. అరవై చార్జర్లున్నా దగ్గరి ఆరే చూపించండి. హైవే మీద వెళ్లేవాడికి ముందు రాబోయేవి కావాలి గానీ, దాటిపోయిన చౌటుప్పల్ అక్కర్లేదు. కాబట్టి దూరంతోపాటు ప్రయాణించే దిక్కును కూడా చూసి వడపోస్తే యాప్ నిజంగా పనికొస్తుంది.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు ఒక ప్రత్యేకమైన గొయ్యి ఉంది. మ్యాప్ మీద గుర్తుకు పెట్టే లేబుల్ మూడు క్యారెక్టర్లు మించకూడదు. మించితే ఎక్సెప్షన్ వచ్చి యాప్ పడిపోతుంది. ఈ లెక్క కంటికి కనిపించే అక్షరాలది కాదు, యూనికోడ్ ముక్కలది. ‘చౌట’ అంటే చ, ఔత్వం, ట కలిపి సరిగ్గా మూడు, గట్టెక్కుతుంది. ‘కోదా’ కంటికి రెండక్షరాలే, లెక్కకు నాలుగు. ‘సూర్యా’ అయితే ఆరు. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి సరే అనుకున్న యాప్ తెలుగు డేటా రాగానే పడిపోవడానికి కారణం ఇదే. 1 నుంచి 6 దాకా అంకెలు పెట్టుకోవడం మంచిది. అలాగే తెలుగు పేర్లు వెడల్పు ఎక్కువ, చిన్న తెరల మీద టైటిల్ చివర తెగిపోతుంది. దీనికి లైబ్రరీలో చక్కని ఏర్పాటుంది. కార్ టెక్స్ట్‌కి పెద్ద రూపంతోపాటు పొట్టి రూపం కూడా వేరియంట్‌గా ఇవ్వొచ్చు, పట్టినదాన్ని హోస్ట్ ఎంచుకుంటుంది. ‘సూర్యాపేట జనగామ క్రాస్‌రోడ్ చార్జింగ్ స్టేషన్’ అన్నదానికి ‘సూర్యాపేట క్రాస్‌రోడ్’ అని రెండోది ఇస్తే తెగిన పేరు కనబడదు.

దారి చూపించే పని మీరు చేయొద్దు. డ్రైవరు ఒక పాయింట్‌ని ఎంచుకోగానే అక్షాంశ రేఖాంశాలతో నేవిగేట్ ఇంటెంట్ (దారి చూపమని వేరే యాప్‌ని కోరే సందేశం) తయారుచేసి స్టార్ట్ కార్ యాప్ ద్వారా పంపితే గూగుల్ మ్యాప్స్ లాంటిది అందుకుంటుంది. ఫోన్‌లో రాసినట్టు స్టార్ట్ యాక్టివిటీ అని రాస్తే కారు తెర మీద ఏమీ జరగదు. లొకేషన్ అనుమతి విషయంలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. అనుమతి అడిగే డబ్బా కారు తెర మీద కాదు, ఫోన్ మీద వస్తుంది. ఫోన్ జేబులో లాక్ అయి ఉంటే డ్రైవరుకు ఖాళీ తెర మిగులుతుంది. ‘కారు ఆపి, ఫోన్‌లో లొకేషన్ అనుమతి ఇవ్వండి’ అని కారు తెర మీద ఒక సందేశ టెంప్లేట్ పెట్టి, ఆ బటన్‌ని కారు ఆగి ఉన్నప్పుడు మాత్రమే పనిచేసేలా పార్క్‌డ్ ఓన్లీ లిజనర్‌తో కట్టాలి.

ఆడియో యాప్‌లకు ఈ టెంప్లేట్ల గొడవ తక్కువ. మీడియా బ్రౌజర్ సర్వీస్ రాసి పాటల చెట్టు (ఫోల్డర్లు, వాటిలో పాటలు) అందిస్తే తెరను కారే గీసుకుంటుంది. పై వరుసలో నాలుగు ట్యాబ్‌లకు మించి ఆశించకండి, అవి ఫోల్డర్లే కావాలి, నేరుగా పాట పెట్టకూడదు. ఆల్బమ్ బొమ్మలను బిట్‌మ్యాప్‌లుగా మోయించకుండా కంటెంట్ యూఆర్ఐ (బొమ్మ ఉన్న చోటి చిరునామా) ఇవ్వండి. లేకపోతే యాప్‌ల మధ్య సమాచారం మోసే బైండర్ ఒక మెగాబైట్ హద్దు దాటి జాబితా మొత్తం రాకుండా పోతుంది. నోటితో అడిగిన పాటను వెతికే భాగం తెలుగు యాప్‌లలో తరచూ బలహీనంగా ఉంటుంది. అడిగిన మాట తెలుగు లిపిలో రావచ్చు, ఇంగ్లీషు అక్షరాల్లో రావచ్చు. ఇండెక్స్‌లో రెండూ ఉండాలి. ఏ పేరూ చెప్పకుండా ‘ఫలానా యాప్‌లో పాటలు పెట్టు’ అంటే ఖాళీ ప్రశ్న వస్తుంది, అప్పుడు కూడా ఏదో ఒకటి మోగాలి.

పరీక్షకు గూగుల్ ఇచ్చే డెస్క్‌టాప్ హెడ్ యూనిట్ (కారు తెరను కంప్యూటర్‌లో చూపే ప్రోగ్రామ్) ఈ మొత్తం సేవలో ఎక్కువ మెచ్చుకోవలసిన భాగం. ఆండ్రాయిడ్ స్టూడియో ఎస్‌డీకే మేనేజర్‌లో దొరుకుతుంది. ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఆటో సెట్టింగ్స్‌కి వెళ్లి వెర్షన్ మీద పదిసార్లు నొక్కితే డెవలపర్ మోడ్ తెరుచుకుంటుంది. అందులో అన్‌నోన్ సోర్సెస్ ఆన్ చేసి, మెనూలో హెడ్ యూనిట్ సర్వర్ మొదలుపెట్టాలి. కంప్యూటర్‌లో ఏడీబీ (ఫోన్‌తో మాట్లాడే టూల్) ఫార్వర్డ్ ఆదేశంతో 5277 పోర్టును రెండు వైపులా కలిపి, హెడ్ యూనిట్ ప్రోగ్రామ్ నడిపితే డాష్‌బోర్డు తెర కిటికీలా వస్తుంది. పగలు–రాత్రి మార్చడం, మైకు మొదలుపెట్టడం, గుండ్రటి తిప్పుడు బటన్‌తో నడపడం అన్నీ కీబోర్డు ఆదేశాలతో చేయొచ్చు. రాత్రి రంగులో ఐకాన్లు కనబడుతున్నాయో లేదో ఇక్కడే తేలిపోతుంది.

ఇక్కడ నడిచింది కదా అని ఏపీకే ఫైలును ఫోన్‌లో ఎక్కించుకుని అసలు కారు దగ్గరికి వెళ్తే యాప్ కనిపించదు. లైబ్రరీతో రాసిన యాప్‌లు ప్లే స్టోర్ లాంటి నమ్మకమైన చోటు నుంచి వచ్చి ఉంటేనే నిజమైన కారు వాటిని చూపిస్తుంది. అందుకే ప్లే కన్సోల్‌లో ఇంటర్నల్ టెస్టింగ్ ట్రాక్‌లో (మీరు ఎంచుకున్న టెస్టర్లకే వెళ్లే విడుదలలో) పెట్టి, ఆ లింకు ద్వారా ఇన్‌స్టాల్ చేసుకుని వెళ్లాలి. ఈ ట్రాక్‌కి కారు రివ్యూ కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఇక రెండు పాత తప్పులు ఇంకా చాలా బిల్డ్‌లలో కనిపిస్తాయి. మ్యానిఫెస్ట్‌లో కనీస కార్ ఏపీఐ లెవెల్ రాయడం మరిచిపోతే యాప్ తెరుచుకోగానే పడిపోతుంది, 1 అని రాస్తే చాలు. రెండోది హోస్ట్ వ్యాలిడేటర్, అంటే ఏ హోస్ట్‌లు యాప్‌కి కనెక్ట్ కావచ్చో తేల్చే భాగం. డీబగ్‌లో ఎవరినైనా అనుమతించే వ్యాలిడేటర్ పెట్టుకోవచ్చు, రిలీజ్‌లో లైబ్రరీ ఇచ్చే అనుమతి జాబితా వాడాలి. ఆ జాబితా చేర్చకుండా డీబగ్‌ది తీసేస్తే టేబుల్ మీద చక్కగా ఆడిన యాప్ స్టోర్ నుంచి వచ్చాక తెరుచుకోదు.

ఇక పబ్లిష్ చేయడం. ప్లే కన్సోల్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్లి ఫామ్ ఫ్యాక్టర్స్ (పరికరాల రకాలు) ట్యాబ్‌లో ఆండ్రాయిడ్ ఆటోని చేర్చి, నిబంధనలకు ఒప్పుకోవాలి. ఆ తర్వాత మామూలు బండిల్‌నే (స్టోర్‌కి పంపే యాప్ ఫైలునే) ఎక్కిస్తారు. మ్యానిఫెస్ట్‌లో కారు వివరాల ఫైలును చూపించే ట్యాగ్ ఉంటే చాలు, కారు నాణ్యత పరీక్ష మొదలవుతుంది. ఇక్కడే ముడి పడుతుంది. కారుకూ ఫోనుకూ బండిల్ ఒక్కటే, కాబట్టి కారు భాగం తప్పితే ఆ బిల్డ్ ఫోన్లకూ వెళ్లదు. ప్రొడక్షన్ యాప్‌లో (అందరికీ విడుదలయ్యే యాప్‌లో) కారు ప్రయోగాలు చేయవద్దని గూగుల్ తన పత్రాల్లోనే హెచ్చరించింది. ఆ మాట కన్సోల్‌లో, ఫామ్ ఫ్యాక్టర్ చేర్చే పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉండాల్సింది. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఇంకో మెట్టు కూడా ఉంది. ప్రొడక్షన్‌కి వెళ్లేముందు 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్ నడపాలి.

రివ్యూలో చూసేవి స్పష్టంగానే రాసిపెట్టారు. యాప్ 10 సెకన్లలో తెరుచుకోవాలి, సమాచారం 10 సెకన్లలో రావాలి, బటన్ నొక్కితే 2 సెకన్లలో కదలిక ఉండాలి. వాటంతట అవే కదిలే అక్షరాలు, యానిమేషన్, తెర మీద ప్రకటనలు ఉండకూడదు. నేవిగేషన్ యాప్ అయితే ఆటో డ్రైవ్ ఆదేశం వచ్చినప్పుడు ప్రయాణాన్ని నటించి చూపాలి, ఎందుకంటే రివ్యూ చేసేవాళ్లు నిజంగా కారు నడపరు. రాసిపెట్టనివి మన దేశపు యాప్‌లను ఎక్కువ ఇబ్బంది పెడతాయి. మన దగ్గర లాగిన్ అంటే ఫోన్ నంబరు, ఓటీపీ. రివ్యూ చేసేవాళ్లకు ఆ ఓటీపీ అందదు, లోపల ఏముందో చూడలేక తిరస్కరిస్తారు. ఒక పరీక్ష నంబరుకు ఎప్పుడూ మారని ఓటీపీ ఏర్పాటు చేసి, దాన్ని కన్సోల్‌లో యాప్ యాక్సెస్ దగ్గర రాయండి. అలాగే మీ డేటా అంతా రెండు తెలుగు రాష్ట్రాలదే అయితే, వేరే దేశంలో కూర్చుని తెరిచినవాళ్లకు ఖాళీ జాబితా వస్తుంది. చుట్టుపక్కల ఏమీ లేనప్పుడు ‘ఇక్కడ స్టేషన్లు లేవు’ అని చెప్పి, సూర్యాపేట కేంద్రంగా ఆరు పాయింట్లు చూపించే బటన్ ఒకటి పెట్టి, ఆ సంగతి రివ్యూ సూచనల్లో రాయాలి.

ఆండ్రాయిడ్ ఆటోమోటివ్ ఓఎస్‌కి ఈ ముడి లేదు. దానికి కన్సోల్‌లో వేరే ట్రాక్, వేరే బండిల్. ప్యాకేజీ పేరు అదే ఉంచి వెర్షన్ కోడ్ వేరుగా ఇవ్వాలి. మ్యానిఫెస్ట్‌లో ఆటోమోటివ్ హార్డ్‌వేర్ తప్పనిసరి అని రాసి, నిలువు తెర, అడ్డ తెర, వైఫై, కెమెరా తప్పనిసరి కావు అని విడివిడిగా చెప్పాలి. వీటిలో ఒకటి మరిచిపోయినా కొన్ని కార్లలో స్టోర్ మీ యాప్‌ని చూపించదు. టెంప్లేట్ యాప్ అయితే కార్ యాప్ యాక్టివిటీ అదనంగా చేర్చాలి. అమెరికాలో, యూరప్‌లో ఇలాంటి కార్లు నడిపే తెలుగువాళ్లు మీ యాప్ వాడేవాళ్లైతే ఈ శ్రమకు అర్థం ఉంది. ఇక్కడి హైవేల కోసమే రాసే యాప్‌కి ప్రస్తుతానికి ఆండ్రాయిడ్ ఆటో సరిపోతుంది.

ఆండ్రాయిడ్ ఆటో ముడిని పూర్తిగా విప్పలేం గానీ వదులు చేసుకునే మార్గం ఉంది. యాప్‌ని బిల్డ్ చేసే గ్రేడిల్‌లో రెండు ఫ్లేవర్లు, అంటే ఒకే కోడ్‌కి రెండు రూపాలు, పెట్టుకోండి. ఒకదాని మ్యానిఫెస్ట్‌లో కారు ట్యాగ్, సర్వీస్ ఉంటాయి, రెండోదానిలో ఉండవు. కారు భాగం కుదురుకునేదాకా మొదటిది ఇంటర్నల్ ట్రాక్‌లోనే తిరగాలి, ప్రొడక్షన్‌కి రెండోదే వెళ్లాలి. కారు ఆమోదం వచ్చి ప్రొడక్షన్‌లో కలిసిపోయాక కూడా రెండో ఫ్లేవర్‌ని చెరిపేయకండి. పేమెంటు ఆగిపోయిందనో లాగిన్ విరిగిందనో అర్ధరాత్రి ఫిక్స్ పంపాల్సి వచ్చి, అదే సమయానికి కారు రివ్యూలో తిరస్కరణ మెయిల్ వస్తే, కారు లేని ఫ్లేవర్‌ని పెద్ద వెర్షన్ కోడ్‌తో పంపితే మామూలు ప్లే రివ్యూ ఒక్కటే మిగులుతుంది. అయితే ఆ అప్‌డేట్ అందుకున్నవాళ్ల కారు తెర మీద మీ ఐకాన్ మాయమవుతుంది. మర్నాడు పొద్దున విజయవాడ బయల్దేరి చార్జర్ వెతుక్కునేవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు కాబట్టి, ‘కారు తెర మీద యాప్ కొద్దిరోజులు కనబడదు, ఫోన్‌లో పనిచేస్తుంది’ అని అప్‌డేట్ నోట్‌లో మొదటి లైనుగా రాయండి.